ల్యాప్‌టాప్ ఇచ్చాక కూడా మిగిలే అంతరం: అమెరికా కమ్యూనిటీ కాలేజీల అనుభవం

2020 మార్చిలో కోవిడ్ విరుచుకుపడినప్పుడు అమెరికాలోని కాలేజీలు ఒకటి రెండు వారాల్లోనే పాఠాలను ఆన్‌లైన్‌కు మార్చుకున్నాయి. న్యూయార్క్ నగరంలో ఏడు కమ్యూనిటీ కాలేజీలతో (రెండేళ్ల ప్రభుత్వ కాలేజీలతో) కలిపి పాతిక విద్యాసంస్థలను నడిపే ప్రభుత్వ విశ్వవిద్యాలయ వ్యవస్థ ‘క్యూనీ’ కూడా అదే చేసింది. కాని మొదలుపెట్టిన కొద్ది రోజులకే, మార్చి 27 నుంచి ఏప్రిల్ 1 వరకు, ఆ ఆన్‌లైన్ తరగతులను సైతం నిలిపివేసింది. చాలామంది విద్యార్థుల ఇళ్లలో కంప్యూటర్ లేదని, వారి చేతికి ల్యాప్‌టాపో ట్యాబ్లెటో చేరేలోపు పాఠం సాగిపోతే ఆ సెమిస్టర్‌లో వారు మళ్లీ అందుకోలేరని అధికారులు గుర్తించారు. ఆ విరామానికి పెట్టిన పేరులోనే విద్యా సమానత అన్న మాటను చేర్చారు. ఎవరి ఇంట్లో కంప్యూటర్ ఉంది, ఎవరి ఇంట్లో లేదు అన్న లెక్క ఒక పెద్ద విశ్వవిద్యాలయ వ్యవస్థ క్యాలెండర్‌నే మార్చివేసిన అరుదైన సందర్భం అది.

ఆ తరువాతి సంవత్సరాల్లో జరిగినదాన్ని చూస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. పరికరం కొనివ్వడం ఒకసారి పెట్టే ఖర్చు. ఆ పరికరం చదువుకు పనికొచ్చేలా ఉంచడం ఏటేటా పెట్టవలసిన ఖర్చు. కమ్యూనిటీ కాలేజీలు మొదటి పనిని చెప్పుకోదగ్గ వేగంతో పూర్తి చేశాయి. రెండో పనికి వాటి దగ్గర స్థిరమైన డబ్బు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. కంప్యూటర్, ఇంటర్నెట్ ఉన్నవారికీ లేనివారికీ మధ్య ఉండే ఈ డిజిటల్ అంతరాన్ని అమెరికా విధానకర్తలు ఎప్పుడూ అత్యవసర పరిస్థితిగా చూశారే తప్ప నిత్య వ్యయంగా చూడలేదు. ఆ చూపులోని లోపం ఎక్కువగా బయటపడేది ఈ కాలేజీల్లోనే.

అమెరికాలో ఉన్న తెలుగువారికి కమ్యూనిటీ కాలేజీ కొత్త మాట కాదు. టెక్సస్‌లో ప్లేనో, ఫ్రిస్కో ప్రాంతాల కుటుంబాలకు కాలిన్ కాలేజీ, కాలిఫోర్నియాలో కూపర్టినో పరిసరాల వారికి డి ఆన్జా కాలేజీ బాగా తెలుసు. హైస్కూల్లో ఉండగానే కొన్ని కాలేజీ క్రెడిట్లు తక్కువ ఫీజుకు సంపాదించుకునే మార్గంగా పిల్లలు, ఉద్యోగ అనుమతి కోసం ఎదురుచూస్తూ ఏదో ఒక కోర్సు చేసే చోటుగా భార్యాభర్తల్లో ఒకరు ఈ కాలేజీలను వాడుకుంటారు. అదే తరగతి గదిలో పక్క బల్ల మీద కూర్చునే విద్యార్థి పరిస్థితి చాలాసార్లు వేరు. 1901లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని జోలియెట్‌లో మొదలైన ఈ రెండేళ్ల కాలేజీలు ఇప్పుడు దేశమంతటా వెయ్యికి పైగా ఉన్నాయి. ప్రవేశ పరీక్ష ఉండదు, వచ్చినవారిని కాదనరు. నల్లజాతి, లాటినో, అమెరికా మూలవాసి తెగల విద్యార్థుల్లో పెద్ద భాగం, ఇంట్లో మొదటిసారిగా కాలేజీ గడప తొక్కినవారు, ఉద్యోగం చేస్తూ పార్ట్‌టైమ్‌గా చదివేవారు, చంటిపిల్లల తల్లులు చేరేది ఇక్కడే. ఒక్క కాలిఫోర్నియాలోనే 116 కాలేజీల్లో సుమారు 20 లక్షల మంది చదువుతారు.

ఆసియా సంతతివారిని ఈ లెక్కల్లో సాధారణంగా వెనకబడిన వర్గంగా చూపరు. అందులో ఒక చిక్కు ఉంది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఇంటి భారతీయ విద్యార్థిని, శరణార్థులుగా వచ్చిన మోంగ్ లేదా కంబోడియా కుటుంబం నుంచి వచ్చిన విద్యార్థిని ఒకే గడిలో లెక్కిస్తే, మొదటివారి సంపన్నత రెండోవారి లేమిని కప్పేస్తుంది.

ఈ కాలేజీలు వెనకబడడానికి చట్టంలోనే ఒక పాత కారణం ఉంది. 1995లో అమెరికా వాణిజ్య శాఖకు చెందిన ఎన్‌టీఐఏ సంస్థ టెలిఫోన్, కంప్యూటర్ సదుపాయాలు ఎవరికి లేవో లెక్కగడుతూ నివేదికలు వెలువరించడం మొదలుపెట్టింది. డిజిటల్ అంతరం అన్న మాట జనంలోకి వెళ్లింది ఆ దశకంలోనే. 1996 టెలికమ్యూనికేషన్ల చట్టం కింద ‘ఈ-రేట్’ అనే పథకం వచ్చింది. పాఠశాలలకు, ప్రజా గ్రంథాలయాలకు ఇంటర్నెట్ ఖర్చులో 20 నుంచి 90 శాతం దాకా రాయితీ లభించింది. ఈ జాబితాలో కాలేజీలు లేవు. పన్నెండో తరగతి దాకా రాయితీ ఇంటర్నెట్‌తో చదువుకున్న పేద విద్యార్థి, మరుసటి ఏడాది అదే ఊళ్లో కమ్యూనిటీ కాలేజీలో చేరిన రోజున ఆ రక్షణ నుంచి బయటపడతాడు. అతని ఇంటి ఆదాయం మారలేదు. సంస్థ పేరు మాత్రం మారింది. కాలేజీ విద్యార్థి అంటే హాస్టల్లో ఉండి, క్యాంపస్ వైఫై వాడుకునే పద్దెనిమిదేళ్ల యువకుడు అన్న ఊహ ఆ చట్టం వెనక పనిచేసి ఉంటుంది. కమ్యూనిటీ కాలేజీల్లో ఎక్కువ భాగానికి హాస్టళ్లే లేవు. విద్యార్థి పగలు పనికి వెళ్లి, సాయంత్రం తరగతికి వచ్చి, రాత్రి ఇంటి ఇంటర్నెట్ మీద హోంవర్క్ చేసుకోవాలి.

ఆ ఇంటి ఇంటర్నెట్ సంగతి ప్యూ పరిశోధన సంస్థ 2021లో జరిపిన సర్వేలో కనబడుతుంది. ఏడాదికి 30 వేల డాలర్ల లోపు ఆదాయం ఉన్న కుటుంబాల్లోని పెద్దవారిలో 43 శాతానికి ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ లేదు, 41 శాతానికి డెస్క్‌టాప్ గాని ల్యాప్‌టాప్ గాని లేదు, 27 శాతం మంది ఇంటర్నెట్ కోసం పూర్తిగా స్మార్ట్‌ఫోన్ మీదే ఆధారపడుతున్నారు. ఫోన్ ఉంది కదా అనిపించవచ్చు. ఫోన్ మీద వీడియో పాఠం చూడవచ్చు, చర్చా పుటలో నాలుగు వాక్యాలు రాయవచ్చు. పది పేజీల వ్యాసాన్ని ఫుట్‌నోట్లతో టైపు చేయడం, అకౌంటింగ్ తరగతికి స్ప్రెడ్‌షీట్‌లో సూత్రాలు కట్టడం, పరీక్ష సమయంలో ఒక కిటికీలో ప్రశ్న, మరో కిటికీలో జవాబు తెరిచి ఉంచుకోవడం ఆ తెర మీద నరకం. లెక్కల హోంవర్క్‌ను కాగితం మీద చేసి, ఫోన్‌తో ఒక్కొక్క పేజీ ఫొటో తీసి, వాటిని ఒకే పీడీఎఫ్‌గా కలిపి, గడువు ముగిసేలోపు ఎక్కించడం ఎంత పనో చేసినవారికే తెలుసు. ఆ లోపు నెలవారీ డేటా అయిపోతే ఆ హోంవర్క్‌కు సున్నా పడుతుంది. ఉపాధ్యాయుడికి కనబడేది గడువు తప్పిన విద్యార్థి మాత్రమే.

కోవిడ్ కాలంలో వచ్చిన ఫెడరల్ సహాయం ఈ విషయంలో నిజంగానే పెద్దది. 2020 మార్చి నుంచి 2021 మార్చి వరకు వచ్చిన మూడు చట్టాల ద్వారా ఉన్నత విద్యాసంస్థలకు మొత్తం సుమారు 7,600 కోట్ల డాలర్లు అందాయి. అందులో తమ వాటాతో కమ్యూనిటీ కాలేజీలు వేల సంఖ్యలో క్రోమ్‌బుక్‌లు (విండోస్ బదులు గూగుల్ వ్యవస్థతో నడిచే చౌక ల్యాప్‌టాప్‌లు), మామూలు ల్యాప్‌టాప్‌లు, మొబైల్ హాట్‌స్పాట్‌లు కొన్నాయి. లైబ్రరీలో పుస్తకం తీసుకున్నట్టుగా సెమిస్టర్ పాటు కంప్యూటర్ అరువు తీసుకునే పద్ధతి అంతకుముందు కూడా కొన్ని చోట్ల ఉన్నా, అది మామూలు సేవగా మారింది అప్పుడే. క్యాంపస్‌లు మూతబడినా వైఫై సంకేతాన్ని పార్కింగ్ స్థలాల వైపు తిప్పి, విద్యార్థులు కార్లలోనే కూర్చుని పాఠం వినే ఏర్పాటు దేశమంతటా చాలా కాలేజీలు చేశాయి. కారు లేనివారికి ఆ ఏర్పాటు అక్కరకు రాలేదన్నది వేరే సంగతి.

అరువు పద్ధతి పైకి కనబడినంత సులువు కాదు. తక్కువ ధరకు ఎక్కువమందికి వస్తుందని కాలేజీలు క్రోమ్‌బుక్‌లు కొన్నాయి. వ్యాసరచన తరగతికి అది సరిపోతుంది. ఇంజనీరింగ్ డ్రాయింగ్, ఇంటీరియర్ డిజైన్, పూర్తి స్థాయి అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ వంటివాటికి విండోస్ ఉన్న, కాస్త బలమైన యంత్రం కావాలి. ఉద్యోగానికి నేరుగా దారితీసే కోర్సులు చాలావరకు ఇవే. అంటే ఏ విద్యార్థికి ఉద్యోగం త్వరగా అవసరమో, అతనికి అరువు యంత్రం తక్కువగా ఉపయోగపడింది. ఇక సెమిస్టర్ చివర యంత్రాన్ని తిరిగి ఇవ్వకపోతే చాలా కాలేజీల్లో విద్యార్థి రికార్డు మీద ఆంక్ష పడుతుంది, మరుసటి సెమిస్టర్‌కు నమోదు కుదరదు. ఇల్లు మారుతూ ఉండే కుటుంబంలో యంత్రం పగిలినా పోయినా, సాయంగా ఇచ్చిన వస్తువే చదువుకు అడ్డుగోడ అవుతుంది. ఈ లోపాన్ని గమనించి జరిమానాలు ఎత్తివేసిన కాలేజీలు, మామూలు వేళలు దాటి సాయంత్రాలు, వారాంతాలు కూడా సహాయ కేంద్రాన్ని తెరిచి ఉంచిన కాలేజీలు అసలు పని చేశాయని చెప్పాలి. పత్రికా ప్రకటనల్లో మాత్రం పంచిన పెట్టెల సంఖ్యే ఎక్కువగా కనబడింది.

పెట్టెలు పంచినా చేరేవారు తగ్గారు. 2020 శరత్కాలంలో నాలుగేళ్ల ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో విద్యార్థుల సంఖ్య దాదాపు స్థిరంగా ఉంటే, కమ్యూనిటీ కాలేజీల్లో సుమారు 10 శాతం పడిపోయింది. ఇందుకు ఇంటర్నెట్ ఒక్కటే కారణం కాదు. ఉద్యోగాలు పోవడం, పిల్లల బడులు మూతబడడం, వెల్డింగ్, నర్సింగ్ వంటి చేత్తో నేర్చుకునే కోర్సులు ఆగిపోవడం కూడా కలిశాయి.

పరికరం తరువాతి మెట్టు నెలవారీ బిల్లు. 2021 నవంబర్‌లో సంతకమైన మౌలిక సదుపాయాల చట్టం దీన్ని నేరుగా తాకింది. ఆ చట్టం 1,420 కోట్ల డాలర్లతో ‘అఫర్డబుల్ కనెక్టివిటీ ప్రోగ్రామ్’ను ఏర్పరచింది, అర్హత గల కుటుంబానికి నెలకు 30 డాలర్లు, తెగల భూముల్లో 75 డాలర్ల దాకా ఇంటర్నెట్ బిల్లులో తగ్గింపు ఇచ్చింది. కమ్యూనిటీ కాలేజీల దృష్టితో చూస్తే ఇందులో అతి ముఖ్యమైన వాక్యం అర్హతల జాబితాలో ఉంది: తక్కువ ఆదాయ విద్యార్థులకు ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే పెల్ గ్రాంట్ ఆ ఏడాది అందుకుంటున్న ఎవరైనా అర్హులే. వేరే ఆదాయ ధ్రువపత్రాలు అక్కర్లేదు, కాలేజీ ఆర్థిక సహాయ కార్యాలయం దగ్గర ఉన్న కాగితమే చాలు. 1996 చట్టం వదిలేసిన కాలేజీ విద్యార్థిని పేరుపెట్టి పిలిచిన ఏర్పాటు ఇదని చెప్పవచ్చు. దేశం మొత్తం మీద సుమారు 2.3 కోట్ల కుటుంబాలు చేరాయి. అంతమంది చేరడం వల్లే డబ్బు త్వరగా అయిపోయింది. అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్ కొత్త నిధులు ఇవ్వలేదు. 2024 ఫిబ్రవరి 7 తరువాత కొత్త దరఖాస్తులు తీసుకోలేదు, ఆ ఏడాది జూన్ 1 నాటికి పథకమే ముగిసింది.

అదే చట్టంలో పల్లెలకు, మారుమూల ప్రాంతాలకు ఇంటర్నెట్ తీగలు వేయడానికి కేటాయించిన మొత్తం 4,245 కోట్ల డాలర్లు. తీగ వేయడం కాంట్రాక్టర్లకు, శంకుస్థాపనలకు, ఫొటోలకు అనువైన పని. నెలనెలా 30 డాలర్ల తగ్గింపుకు రిబ్బను కత్తిరించలేరు. ఇల్లు దాటి పోయే తీగను చూస్తూ కనెక్షన్ తీసుకోలేని కుటుంబానికి ఆ తీగ ఉన్నా లేనట్టే.

మూడో అంశం నైపుణ్యాలది. డిజిటల్ ఈక్విటీ చట్టం కింద 275 కోట్ల డాలర్లు రాష్ట్రాలకు, సంస్థలకు ఇవ్వాలని 2021లోనే నిర్ణయించారు. అందులో ఎనిమిది వర్గాలను పేర్కొన్నారు: తక్కువ ఆదాయ కుటుంబాలు, 60 ఏళ్లు దాటినవారు, జైళ్లలో ఉన్నవారు, మాజీ సైనికులు, వికలాంగులు, భాషా అవరోధం ఉన్నవారు, జాతిపరమైన మైనారిటీలు, గ్రామీణులు. కమ్యూనిటీ కాలేజీ హాజరు పట్టిక చదివినట్టే ఉంటుంది ఈ జాబితా. రాష్ట్రాలు ప్రణాళికలు రాసుకున్నాయి, చాలాచోట్ల ఆ ప్రణాళికల్లో కమ్యూనిటీ కాలేజీలను శిక్షణ కేంద్రాలుగా చేర్చారు. డబ్బు కదలడం మొదలైన దశలో, 2025 మేలో, అధ్యక్షుడు ట్రంప్ ఈ చట్టం జాతివివక్షతో కూడినదని, రాజ్యాంగ విరుద్ధమని ప్రకటించి గ్రాంట్లను నిలిపివేయించారు. ఎనిమిది వర్గాల్లో జాతి ప్రస్తావన ఉన్నది ఒక్కదానికే. మిగిలిన ఏడింటిలోకి వచ్చే తెల్లజాతి గ్రామీణులు, వృద్ధులు, మాజీ సైనికులు కూడా అదే వేటుకు గురయ్యారు. జాతి ఆధారంగా సాయం చేయడం తగునా అన్న చర్చకు రాజ్యాంగపరమైన స్థానం ఉంది. కాని ఆ చర్చ తేలకముందే మొత్తం పథకాన్ని ఆపడం వల్ల, మూడేళ్లు ప్రణాళిక రాసినవారి చేతిలో ప్రణాళిక మాత్రమే మిగిలింది.

తెగల కాలేజీల పరిస్థితి విడిగా చెప్పుకోవలసినది, ఎందుకంటే అంతరం అన్న మాటకు అక్కడ భౌగోళికమైన అర్థం కూడా ఉంది. 1968లో నావహో తెగ స్థాపించిన కమ్యూనిటీ కాలేజీ, ఇప్పటి డినే కాలేజీ, ఒక తెగ స్వయంగా నడిపిన మొట్టమొదటి కాలేజీ. నావహో నేషన్ భూభాగం అరిజోనా, న్యూమెక్సికో, యూటా రాష్ట్రాల్లో సుమారు 27 వేల చదరపు మైళ్ల మేర విస్తరించి ఉంది, అంటే తెలంగాణలో మూడింట రెండు వంతులకు దగ్గర; అక్కడ నివసించే జనాభా రెండు లక్షల లోపే. వేల ఇళ్లకు ఇప్పటికీ కరెంటు లేదు. చాలా ఇళ్లకు వీధి పేరు, ఇంటి నంబరు లేవు. ఉత్తరాలు మైళ్ల దూరంలోని పోస్టాఫీసు పెట్టెకు వస్తాయి. ఇంటర్నెట్ కంపెనీ దరఖాస్తులో చిరునామా అన్న గడి నింపలేక ఆగిపోయే విద్యార్థికి సబ్సిడీ ఎంత ఇచ్చినా చేరదు. ఫెడరల్ కమ్యూనికేషన్ల కమిషన్ 2020లో కొన్ని నెలల పాటు వైర్‌లెస్ ఇంటర్నెట్‌కు పనికొచ్చే 2.5 గిగాహెర్ట్జ్ తరంగాలను వేలం వేయకుండా గ్రామీణ తెగలకే ముందుగా ఇచ్చే అవకాశం తెరిచింది. దీనివల్ల తెగలు తమ సొంత నెట్‌వర్కులు నిర్మించుకునే దారి ఏర్పడింది. చరిత్రాత్మకంగా నల్లజాతివారి కాలేజీలకు, తెగల కాలేజీలకు, మైనారిటీ విద్యార్థులు ఎక్కువగా ఉన్న ఇతర సంస్థలకు 26.8 కోట్ల డాలర్లతో వచ్చిన మరో ఫెడరల్ పథకం కాలేజీ ఆవరణ దాటి చుట్టుపక్కల సమాజానికి కూడా ఇంటర్నెట్ అందించవచ్చని అనుమతించింది. ఆ అనుమతి చిన్నదిగా కనబడుతుంది గాని, కాలేజీ గేటు దగ్గరే ఆగిపోయే సాయానికి, ఇంటి దాకా వెళ్లే సాయానికి మధ్య తేడా అక్కడే ఉంది.

ఇక్కడిదాకా తీగ, యంత్రం, బిల్లు. ఇవన్నీ సమకూరినా ఫలితాల్లో అంతరం పోదని చెప్పే ఆధారాలు కోవిడ్‌కు చాలా ముందే ఉన్నాయి. కొలంబియా విశ్వవిద్యాలయంలోని కమ్యూనిటీ కాలేజీ పరిశోధన కేంద్రం వాషింగ్టన్ రాష్ట్రంలో 40 వేలకు పైగా విద్యార్థులు తీసుకున్న దాదాపు 5 లక్షల కోర్సు నమోదులను పరిశీలించి 2013లో ఫలితాలు వెలువరించింది. ఆన్‌లైన్ కోర్సుల్లో దాదాపు అన్ని రకాల విద్యార్థులూ కొంత వెనకబడ్డారు. మగపిల్లలు, చిన్న వయసువారు, నల్లజాతివారు, అంతకుముందే మార్కులు తక్కువగా ఉన్నవారు మరింత వెనకబడ్డారు. కాలిఫోర్నియా ప్రజావిధాన సంస్థ 2014లో తమ రాష్ట్రంలోని కమ్యూనిటీ కాలేజీల ఆన్‌లైన్ కోర్సుల్లో ఉత్తీర్ణత మామూలు తరగతుల కన్నా 11 నుంచి 14 శాతం పాయింట్లు తక్కువని లెక్కగట్టింది. తరగతి గదిలో ఉన్న అంతరాన్ని ఆన్‌లైన్ చెరపలేదు సరికదా, పెంచింది. పని వేళల వల్ల ఆన్‌లైన్ తప్ప గత్యంతరం లేనివారే ఇందులో ఎక్కువగా నష్టపోయారు.

దీనికి కాలిఫోర్నియాలోని ఓక్లాండ్ ప్రాంతపు నాలుగు కాలేజీలను నడిపే పెరాల్టా కమ్యూనిటీ కాలేజీ జిల్లా (కాలేజీల స్థానిక పాలక సంస్థ) చూపిన మార్గం ఆసక్తికరమైనది. కొత్త పరికరాలు కొనడం కన్నా ఉన్న కోర్సును పరీక్షించడం మీద వారు దృష్టి పెట్టారు. ఉపాధ్యాయులు తమ ఆన్‌లైన్ కోర్సును సరిచూసుకోవడానికి ఒక సమానతా కొలబద్దను తయారుచేశారు: ఈ కోర్సుకు ఏ సాఫ్ట్‌వేర్, ఎంత ఇంటర్నెట్ కావాలో ముందే చెప్పారా, అది లేనివారికి ఎక్కడ దొరుకుతుందో రాశారా, పాఠాల్లోని బొమ్మల్లో ఎవరు కనబడుతున్నారు, దిద్దేటప్పుడు పక్షపాతానికి చోటుందా, విద్యార్థులు ఒకరినొకరు ఎరిగే అవకాశం ఉందా. ఆచరణలో ఇవి చాలా మామూలు మార్పులకు దారితీస్తాయి. గంట నిడివి వీడియోను పది నిమిషాల ముక్కలుగా చేయడం, వీడియోతో పాటు దాని పాఠ్యాన్ని కూడా ఇవ్వడం, ఫోన్ మీద కూడా సరిగా తెరుచుకునే పుటలు రాయడం, గడువును అర్ధరాత్రికి కాకుండా కాలేజీ ల్యాబ్ తెరిచి ఉండే వేళకు పెట్టడం వంటివి. వీటికి డబ్బు తక్కువే అవుతుంది, ఉపాధ్యాయుడి సమయం మాత్రం చాలా పడుతుంది. కమ్యూనిటీ కాలేజీల్లో బోధించేవారిలో అధిక భాగం గంటల లెక్కన, రెండు మూడు కాలేజీల మధ్య తిరుగుతూ పనిచేసే పార్ట్‌టైమ్ అధ్యాపకులు. కోర్సును తిరగరాయడానికి వారికి వేతనం ఇవ్వకపోతే ఆ కొలబద్ద కాగితం మీదే ఉంటుంది.

పాఠ్యపుస్తకాల ఖర్చు కూడా ఇప్పుడు డిజిటల్ సమస్యే అయింది. ప్రచురణ సంస్థలు పుస్తకంతో పాటు హోంవర్క్ వెబ్‌సైట్‌కు ప్రవేశ కోడ్ అమ్ముతాయి. సెమిస్టర్ ముగిస్తే ఆ కోడ్ పనిచేయదు, సెకండ్ హ్యాండ్‌లో కొనడానికి వీలుండదు, స్నేహితుడి దగ్గర అడిగి తెచ్చుకోవడానికీ లేదు. కోడ్ కొనలేక మొదటి రెండు వారాల హోంవర్క్ వదిలేసే విద్యార్థి అక్కడే మార్కులు పోగొట్టుకుంటాడు. వర్జీనియాలోని టైడ్‌వాటర్ కమ్యూనిటీ కాలేజీ 2013లో పాఠ్యపుస్తకాల ఖర్చు పూర్తిగా లేని డిగ్రీని మొదలుపెట్టింది. ఉచితంగా వాడుకోగల పాఠ్య సామగ్రితో ప్రతి కోర్సునూ కూర్చారు. కాలిఫోర్నియా ఇదే పనికి 2016లో 50 లక్షల డాలర్లు, 2021లో 11.5 కోట్ల డాలర్లు కేటాయించింది. పంచిన క్రోమ్‌బుక్‌ల కన్నా ఈ మార్పు తక్కువగా వార్తల్లోకి ఎక్కినా, ఏటేటా మళ్లీ డబ్బు అడగకుండా నిలబడే ప్రయత్నం కాబట్టి దీనికి విలువ ఎక్కువ.

వికలాంగుల విషయంలో కాలేజీలు తమంతట తాము కదిలిన దాఖలాలు తక్కువ, కోర్టులు కదిపినవే ఎక్కువ. లాస్ ఏంజెలెస్ కమ్యూనిటీ కాలేజీ జిల్లా మీద ఇద్దరు అంధ విద్యార్థులు 2017లో దావా వేశారు. తరగతిలో వాడే గణిత సాఫ్ట్‌వేర్, తెర మీది అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తో పనిచేయలేదన్నది, పుస్తకాలు, వెబ్‌సైట్లు చదవగల రూపంలో అందలేదన్నది వారి ఫిర్యాదుల్లో కొన్ని. ఏళ్ల తరబడి సాగిన ఆ కేసులో 2023లో జ్యూరీ విద్యార్థుల పక్షాన తీర్పు చెప్పింది. చౌకగా వస్తుందనో అందరూ వాడుతున్నారనో ఒక సాఫ్ట్‌వేర్‌ను కాలేజీ ఎంచుకున్న క్షణంలోనే కొందరు తరగతి బయట ఉండిపోతారని ఆ కేసు చూపింది.

పరీక్షలను కెమెరాతో కాపలా కాసే సాఫ్ట్‌వేర్ ఇంకో కోణం. విద్యార్థి ఒంటరిగా, నిశ్శబ్దమైన గదిలో, మంచి వెలుతురులో, నిలకడైన ఇంటర్నెట్‌తో ఉన్నాడని అది అనుకుంటుంది. నలుగురు ఒకే గదిలో ఉండే ఇంట్లో వెనక నుంచి ఒక చెల్లెలు నడిచి వెళ్తే అనుమానాస్పదమని గుర్తు పడుతుంది. పరీక్షకు ముందు గదినంతా కెమెరాతో తిప్పి చూపించమని అడగడం అక్రమ సోదా అవుతుందని 2022 ఆగస్టులో ఒహాయోలోని ఫెడరల్ కోర్టు ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయం కేసులో తీర్పు ఇచ్చింది.

ఇంతలో కొత్త చిక్కు వచ్చింది. ఆన్‌లైన్ నమోదు తేలిక కావడంతో మోసగాళ్లు దొంగ గుర్తింపులతో కాలేజీల్లో చేరి, ఆర్థిక సహాయం జేబులో వేసుకుని మాయమవుతున్నారు. కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీలకు వచ్చే దరఖాస్తుల్లో 2024 నాటికి సుమారు నాలుగో వంతు నకిలీవని అంచనా. తరగతి నిండిపోయిందని నిజమైన విద్యార్థికి చోటు దొరకదు. తొలివారం తరువాత చూస్తే కొన్ని పేర్లకు మనిషే ఉండడు. కాలేజీలు గుర్తింపు తనిఖీలు కఠినం చేయక తప్పలేదు. కాని తనిఖీ అంటే స్మార్ట్‌ఫోన్ కెమెరాతో గుర్తింపు కార్డు, ముఖం ఫొటో తీసి పంపడం. గుర్తింపు కార్డులో పాత చిరునామా ఉన్నవారు, ఇల్లు లేనివారు, సరైన పత్రాలు లేని వలస కుటుంబాల పిల్లలు అక్కడ చిక్కుకుంటారు. దొంగను ఆపడానికి వేసిన తలుపు పేదవాడికే ముందుగా తగులుతోంది. కార్యాలయానికి స్వయంగా వచ్చి చూపించే అవకాశం ఉంచిన కాలేజీలే ఈ విషయంలో కాస్త న్యాయంగా ఉన్నాయి.

వయోజనుల సంగతి చర్చల్లో తక్కువగా వినబడుతుంది. అమెరికా పెద్దవారిలో 16 శాతం మందికి కంప్యూటర్ మీద ప్రాథమిక పనులు కూడా రావని జాతీయ విద్యా గణాంక కేంద్రం 2018లో ప్రచురించిన విశ్లేషణ చెప్పింది. కమ్యూనిటీ కాలేజీల్లో ఇంగ్లీషు నేర్పే క్రెడిట్ రహిత తరగతులే వీరికి డిజిటల్ శిక్షణకు కూడా దారి. కాలిఫోర్నియాలో ఈ తరగతులకు ఫీజు ఉండదు. పిల్లల దగ్గర స్థిరపడిన తెలుగు తల్లిదండ్రులు కూడా కొందరు వీటిలో కనబడతారు. ఈమెయిల్ తెరవడం, పాస్‌వర్డు మార్చుకోవడం, డాక్టరు అపాయింట్‌మెంట్ ఆన్‌లైన్‌లో తీసుకోవడం ఇక్కడి పాఠాలు. మిన్నెసోటాలో పుట్టిన నార్త్‌స్టార్ వంటి ఉచిత పరీక్షలతో ఎవరికి ఏది రాదో ముందే తెలుసుకుని నేర్పుతారు. డిగ్రీల లెక్కల్లో ఈ విద్యార్థులు కనబడరు కాబట్టి, ఫలితాల ఆధారంగా నిధులిచ్చే రాష్ట్రాల్లో కాలేజీకి వీరి మీద ఖర్చుపెట్టే ప్రోత్సాహం కూడా తక్కువ.

జైళ్లలో చదివేవారికి 2023 జూలై నుంచి పెల్ గ్రాంట్ మళ్లీ దొరుకుతోంది, అక్కడ పాఠం చెప్పే సంస్థల్లో కమ్యూనిటీ కాలేజీలది పెద్ద పాత్ర. భద్రత కారణంగా ఆ విద్యార్థుల ల్యాప్‌టాప్‌లకు సాధారణంగా బయటి ఇంటర్నెట్ ఉండదు. పరిశోధన వ్యాసం రాయాలంటే అధ్యాపకుడే వ్యాసాలు దించి తేవాలి. విడుదలైన రోజున ఉద్యోగ దరఖాస్తు మొత్తం ఆన్‌లైన్‌లోనే.

ఇప్పుడు 2020, 2021లలో కొన్న యంత్రాల వయసు అయిపోతోంది. విండోస్ 10కు ఉచిత భద్రతా మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది; క్రోమ్‌బుక్‌లకు తయారీ రకాన్ని బట్టి నవీకరణలు ఆగే తేదీ ముందే నిర్ణయమై ఉంటుంది. బ్యాటరీలు నిలవవు, కీలు ఊడిపోతాయి, విద్యార్థి వెనక్కి ఇచ్చిన యంత్రాన్ని తుడిచి మళ్లీ ఇవ్వడానికి ఒక మనిషి కావాలి. కోవిడ్ నిధులు ఖర్చయిపోయాయి, బిల్లు తగ్గింపు పథకం ముగిసింది, డిజిటల్ ఈక్విటీ గ్రాంట్లు ఆగిపోయాయి. మిగిలిన దారుల్లో ఒకటి రాష్ట్ర బడ్జెట్, రెండోది స్థానిక ఆస్తి పన్ను, మూడోది విద్యార్థుల నుంచే వసూలు చేసే టెక్నాలజీ ఫీజు. అరిజోనా శాసనసభ 2015లో ఫీనిక్స్ ప్రాంతపు మారికోపా కాలేజీలకు, టూసాన్‌లోని పిమా కాలేజీకి రాష్ట్ర నిర్వహణ నిధులను సున్నా చేసింది కాబట్టి, మొదటి దారి అన్నిచోట్లా తెరిచి లేదు. ఆస్తి పన్ను దారి సంపన్న శివార్లలోని కాలేజీలకు బాగానే పనిచేస్తుంది, పేద గ్రామీణ జిల్లాలకు పనిచేయదు. మూడో దారిలో, ఇంట్లో కంప్యూటర్ లేని విద్యార్థి తనకు అరువిచ్చే కంప్యూటర్ ఖర్చును తానే సెమిస్టర్ ఫీజులో కడతాడు.